స్టెబిలైజర్ ఒక కొస కిందికి ఉంది, గాడి అరగదీయాలా? (1.5 మీటర్ల బాల్సా ట్రైనర్, కర్నూలు)

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ కలిసి మొదటిసారి రేడియోతో నడిచే బాల్సా (చాలా తేలికైన చెక్క) విమానం కడుతున్నాం. నేర్చుకునేవాళ్లకు చేసే పైరెక్క ట్రైనర్, రెక్క పొడవు 1520 మి.మీ., ఎలక్ట్రిక్ మోటార్. చెక్క మీద ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టి వచ్చిన కిట్టే. రెక్క సగాలు రెండూ కలిపేశాం, రెక్క వెనక అంచున కదిలే ఐలరాన్లు అయిపోయాయి. తోకలో అడ్డంగా ఉండే చిన్న రెక్క, అంటే స్టెబిలైజర్, దగ్గర ఆగాం.

స్టెబిలైజర్‌ను బాడీ వెనక గాడిలోకి తోసి, రెక్క బోల్టులు బిగించి, పది అడుగులు వెనక్కి వచ్చి చూశాం. రెక్కతో పోలిస్తే స్టెబిలైజర్ ఎడమ కొస కిందికి ఉంది. రెక్కకు సమాంతరంగా దారం లాగి చూస్తే రెండు కొసలకూ 5 మి.మీ. తేడా వచ్చింది. స్టెబిలైజర్ మొత్తం పొడవు 560 మి.మీ.

మాన్యువల్‌లో "అవసరమైతే గాడిని సరిచేయండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. కుడి పక్క గాడిని శాండ్‌పేపర్‌తో అరగదీస్తే సరిపోతుందా? శాండ్‌పేపర్ చేతిలోకి తీసుకున్నాక మా అమ్మాయి "నాన్నా, ఒకసారి అడిగి చేద్దాం" అంది. అందుకే అడుగుతున్నా.

—

అనంత_గాలిమర | అనంతపురం | శనివారం, రాత్రి 9:48

అమ్మాయి మంచి మాట చెప్పింది. శాండ్‌పేపర్ పక్కన పెట్టండి.

మీకు తెలిసింది ఒక్కటే: రెక్కకూ తోకకూ పొత్తు కుదరలేదు. ఆ రెండింటిలో వంకర ఏదో మీకు ఇంకా తెలీదు. తోక సరిగ్గానే ఉండి రెక్క కూర్చునే చోటు ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు. అప్పుడు మంచి గాడిని పాడు చేసుకుంటారు.

ఇట్ల చేయండి. చదునైన బల్ల మీద బాడీని నిలబెట్టండి. బాడీ పక్క గోడకు మూలమట్టం ఆనించి నిటారుగా ఉందో లేదో చూడండి. తేడా ఉంటే కింద అట్టముక్కలు పెట్టి సరిచేయండి. ఆ తర్వాత బల్ల మీద నుంచి రెక్క రెండు కొసల ఎత్తు, స్టెబిలైజర్ రెండు కొసల ఎత్తు విడివిడిగా కొలవండి. నాలుగు అంకెలు ఇక్కడ పెట్టండి. జిగురు డబ్బా మూత తీయొద్దు.

—

గండికోట_గద్ద | కడప | శనివారం, రాత్రి 10:15

బల్ల అంటే ఇంట్లో డైనింగ్ టేబుల్ కాదు అన్నా. నేను డైనింగ్ టేబుల్ మీదే కొలిచి మోసపోయినా. మధ్యలో 2 మి.మీ. వంపు ఉండాది దానికి. మన దగ్గర పాలిష్ చేసిన నల్ల బండలు ఉండనే ఉన్నాయి కదా. కడప బండ ఒకటి అడ్డంగా వేసుకొని, కింద నాలుగు ఇటుకలు పెట్టి, రసమట్టంతో లెవెల్ చేసుకుంటే దాన్ని మించిన వర్క్‌బెంచ్ లేదు. మీకు బేతంచెర్ల దగ్గరే కాబట్టి ఆ బండ అయినా సరే.

ఇంకో మాట. దర్జీ టేపుతో కొలవొద్దు, సాగుతుంది. స్టీలు స్కేలు వాడండి.

—

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | ఆదివారం, ఉదయం 8:05

వంటింటి గట్టు బండే వాడాం, రసమట్టం పెట్టి చూశాం. అంకెలివి:

స్టెబిలైజర్ ఎడమ కొస 182 మి.మీ., కుడి కొస 182.
రెక్క ఎడమ కొస 271, కుడి కొస 257.

మీరన్నట్టు తోక సరిగ్గానే ఉంది. రెక్కే 14 మి.మీ. తేడాతో కూర్చుంది! రాత్రి గాడి అరగదీసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే గుండె ఝల్లుమంటోంది.

—

ప్రొద్దుటూరు_మాస్టారు | కడప జిల్లా | ఆదివారం, ఉదయం 8:40

అంకెలు చక్కగా సరిపోయాయి, చూడండి. 560లో 5 అంటే సుమారు అర డిగ్రీ వాలు. అదే వాలు 1520 మి.మీ. పొడవున్న రెక్క మీద 13.6 మి.మీ. అవుతుంది. మీరు కొలిచింది 14. అంటే తప్పు పూర్తిగా రెక్క దగ్గరే ఉంది, తోకలో ఏమీ లేదు.

ఇప్పుడు రెక్క కూర్చునే చోటు వెడల్పు ఎంత? ఈ సైజు ట్రైనర్‌కి 90 మి.మీ. ఉంటుందనుకుందాం. అర డిగ్రీకి అక్కడ పడే తేడా 0.8 మి.మీ. మాత్రమే. ఎడమ పక్క అంత ఎత్తున ఏదో ఉంది. ఫోమ్ టేపు కింద వేలితో తడిమి చూడండి.

—

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | ఆదివారం, ఉదయం 9:30

దొరికింది సార్! ఎడమ పక్క ఫోమ్ టేపు పీకి చూస్తే కింద కందిబేడ అంత ఎపాక్సీ గడ్డ. రెక్క సగాలు కలిపిన రోజు కారి గట్టిపడి ఉంటుంది. దాని మీదే నేను టేపు అంటించేశాను. బ్లేడుతో చెక్కి, టేపు మార్చి, మళ్లీ కొలిస్తే రెక్క కొసలు 264, 264. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఇప్పుడు అతికించేయొచ్చా?

—

అనంత_గాలిమర | అనంతపురం | ఆదివారం, ఉదయం 9:52

ఇంకా ఆగండి. వెనక నుంచి చూసే వాలు సరిపోయింది. పైనుంచి చూసే వంకర ఇంకా మిగిలే ఉంది.

బాడీ పైన, ముక్కు దగ్గర సరిగ్గా మధ్య గీత మీద ఒక గుండుసూది గుచ్చండి. దానికి సాగని దారం కట్టండి, చేపల గాలానికి వాడే నైలాన్ కాకుండా మామూలు నూలుదారం. దారాన్ని స్టెబిలైజర్ ఎడమ కొసలో ఒకే గుర్తు దగ్గరికి లాగి, దారం మీద పెన్నుతో గీత పెట్టండి. అదే దారాన్ని కుడి కొసకు లాగండి. గీత అదే చోట పడాలి. పడకపోతే స్టెబిలైజర్‌ను కొద్దిగా తిప్పి మళ్లీ చూడండి. 1 మి.మీ. లోపు వస్తే చాలు.

దానికంటే ముందు, స్టెబిలైజర్ గాడిలో పక్కలకు మధ్యగా ఉందా అని చూడాలి. బాడీ అంచు నుంచి రెండు కొసలకూ ఒకే దూరం రావాలి. ఇది వదిలేసి దారం కొలత చేస్తే అంతా తప్పుతుంది.

ఒక ముఖ్యమైన విషయం. మీ కిట్‌లో ఎలివేటర్ (స్టెబిలైజర్ వెనక అంచున పైకీ కిందికీ కదిలే పలక) రెండు ముక్కలుగా వచ్చిందా? వాటిని కలిపే 'యూ' ఆకారపు ఉక్కు తీగ ఉంటే దాన్ని ముందే గాడిలో పెట్టేయండి. కొన్ని కిట్లలో స్టెబిలైజర్ అతికాక ఆ తీగ లోపలికి దూరదు. నా స్నేహితుడొకడు రాత్రి పదకొండుకు ఇది గమనించి, మొత్తం కోసి మళ్లీ కట్టాడు.

—

రేగడి_చేను | ఆదోని | ఆదివారం, ఉదయం 10:10

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను డిప్లొమా రెండో ఏడాది. బాల్సా కొనే డబ్బు లేదు, సన్‌బోర్డ్‌తో సొంతంగా గీసుకొని చేస్తున్నా. రెక్క 1000 మి.మీ. పొడవు, 180 వెడల్పు. తోక ఎంత పెద్దది పెట్టాలో ఎట్ల తెలుస్తుంది? యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో సైజు చెప్తున్నారు.

—

ప్రొద్దుటూరు_మాస్టారు | కడప జిల్లా | ఆదివారం, ఉదయం 11:25

మంచి ప్రశ్న అడిగావు నాయనా. తోక పని తూకపు కాటా లాంటిది. తోక పలక ఎంత పెద్దదో, విమానం మధ్య నుంచి ఎంత దూరంలో ఉందో, రెండూ కలిసి దాని బలం. తోక వైశాల్యాన్ని తోక దూరంతో గుణించు. రెక్క వైశాల్యాన్ని రెక్క వెడల్పుతో గుణించు. మొదటి దాన్ని రెండో దానితో భాగించు. నేర్చుకునేవాళ్ల విమానానికి ఇది 0.5 దగ్గర ఉంటే నెమ్మదిగా, బుద్ధిగా ఎగురుతుంది. దూరం అంటే విమానం బ్యాలెన్స్ అయ్యే చోటు నుంచి స్టెబిలైజర్ వెడల్పులో ముందు నుంచి నాలుగో వంతు దాకా.

నీ రెక్క వైశాల్యం 1,80,000 చదరపు మి.మీ. తోక దూరం 500 మి.మీ. పెట్టుకుంటే స్టెబిలైజర్, ఎలివేటర్ కలిపి 32,400 చదరపు మి.మీ. కావాలి. 300 పొడవు, 108 వెడల్పు అనుకో. దూరం పెంచితే తోక చిన్నదైనా చాలు. కానీ తోకబాడీ పొడవు, దాని బరువు పెరుగుతాయి.

ఈ ఆలోచన పాతదే. 1871లో పారిస్‌లో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు పురి తిప్పిన రబ్బరుతో ఎగిరే చిన్న విమానం చేశాడు. అప్పటికి అతనికి ఇరవై దాటి ఒకటి రెండేళ్లు, అంతే. తోకను రెక్క కంటే కొద్దిగా తక్కువ కోణంలో పెట్టాడు. ముక్కు పైకి లేస్తే తోకే దించుతుంది, ముక్కు దిగితే తోకే లేపుతుంది. ఎవరూ నడపకుండానే అది 11 సెకన్ల పాటు, 40 మీటర్ల దాకా నిలకడగా పోయింది. ఈరోజు హంద్రీ గారి ట్రైనర్‌లో స్టెబిలైజర్‌ను ఆ కోణం చెడకుండా అతికించమని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

—

గండికోట_గద్ద | కడప | ఆదివారం, మధ్యాహ్నం 12:05

ఆదోని తమ్ముడూ, ఇంకో రెండు జాగ్రత్తలు. థర్మోకోల్ గానీ ఫోమ్ గానీ ఎక్కడైనా వాడితే ఫెవిక్విక్ దగ్గరికి రానీయొద్దు, కరిగి గుంట పడిపోతుంది. ఫెవికాల్ పెట్టి రాత్రంతా ఆరనీ. సైన్‌బోర్డులకు వాడే గొట్టాల ప్లాస్టిక్ షీటు తోకకు వాడితే గొట్టాలు ఈ కొస నుంచి ఆ కొసకు పోయేలా కోయి, అడ్డంగా కోస్తే తోక మడుచుకుంటుంది. ఎలివేటర్ హింజ్ (కీలు) కోసం ఒక గొట్టం వెంబడి పైపొర మాత్రమే కోసి కిందిపొర వదిలేస్తే అదే హింజ్ అయిపోతుంది, వేరే ఖర్చు లేదు.

—

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | ఆదివారం, రాత్రి 8:30

దారం కొలత అయింది. మొదట 6 మి.మీ. తేడా వచ్చింది, తిప్పి తిప్పి సున్నాకు తెచ్చాం. తీగ ముందే లోపల పెట్టాం, గాలిమర అన్నకు చాలా థాంక్స్. బాడీ అంచు ఎక్కడ ఆనుతుందో స్టెబిలైజర్ పైనా కిందా పెన్నుతో గీశాం.

జిగురు చెక్కకే పట్టాలి కాబట్టి ఆ గీతల మధ్య ఫిల్మ్ తీసేయాలి కదా. కొత్త బ్లేడుతో గీత వెంబడి కోశాను. ఫిల్మ్ వచ్చేసింది, కానీ చెక్క మీద సన్నటి కోత కనిపిస్తోంది. పర్వాలేదా?

—

అనంత_గాలిమర | అనంతపురం | ఆదివారం, రాత్రి 8:41

అది చిన్న విషయం కాదన్నా. రెక్కలా స్టెబిలైజర్ కూడా గాలిలో వంగుతుంది. అది ఎక్కువగా వంగే చోటు సరిగ్గా బాడీ అంచే. అక్కడే అడ్డంగా కోత పడితే చాక్‌లెట్ బార్ గీత లాగా ఆ గీత మీదే విరుగుతుంది. అది కూడా లూప్ చివర్లో, డైవ్ నుంచి పైకి లాగినప్పుడు, లోడ్ ఎక్కువున్న సమయంలోనే.

కోత ఎంత లోతు? గోరు పెట్టి చూడండి. కొసలు పట్టుకొని మెల్లగా వంచితే కోత నోరు తెరుస్తోందా?

—

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | ఆదివారం, రాత్రి 8:55

పైన లేదు. కింద ఎడమ పక్క మాత్రం కొద్దిగా తెరుచుకుంటోంది. బహుశా అర మి.మీ. లోతు. షీటు మందం 6 మి.మీ. చాలా టెన్షన్‌గా ఉంది.

—

అనంత_గాలిమర | అనంతపురం | ఆదివారం, రాత్రి 9:10

అర మి.మీ. అయితే బతికించొచ్చు. స్టెబిలైజర్‌ను కొద్దిగా వంచి కోత తెరిచి పట్టుకోండి, పల్చటి సీఏ జిగురు (ఫెవిక్విక్ లాంటిది) కోత వెంబడి చుక్కచుక్కగా వేయండి, చెక్క అదే పీల్చుకుంటుంది. వంపు వదిలేసి ఐదు నిమిషాలు ఆగండి. ఆ తర్వాత కోతకు అడ్డంగా, అంటే ఒక కొస నుంచి మరో కొస వైపు పోయేలా, 20 మి.మీ. వెడల్పు ఫైబర్‌గ్లాస్ గుడ్డముక్క ఒకటి ఎపాక్సీతో పల్చగా అంటించండి. గుడ్డ గీతకు అటూ ఇటూ 25 మి.మీ. దాకా పోవాలి. గీత బయట ఫిల్మ్ ఉన్న చోట దాన్ని కూడా తీయాలి, ఈసారి బ్లేడు వద్దు.

చిన్న సోల్డరింగ్ ఐరన్ తీసుకోండి. మొన నున్నగా ఉండాలి. స్టీలు స్కేలు ఆనించి ఒక్కసారి వేగంగా లాగితే ఫిల్మ్ కరిగి విడిపోతుంది, చెక్కకు గీత పడదు. ఇంకో సంగతి, గుడ్డ వేయని చోట ఫిల్మ్‌ను మీ పెన్ను గీతకు 2 మి.మీ. లోపలే కోయాలి. అప్పుడు బాడీ అంచు ఫిల్మ్ మీద కూర్చుంటుంది, బయటికి బోడి చెక్క కనిపించదు.

—

గండికోట_గద్ద | కడప | ఆదివారం, రాత్రి 9:30

ఇక జిగురు సంగతి. నేనైతే ఈ చోట ఫెవికాల్ వైపే. బాల్సాకు బాల్సా అతికేటప్పుడు లోపలికి ఇంకుతుంది, నీళ్లు ఆరిపోయాక పెద్దగా బరువు మిగలదు, జరపడానికి తీరిగ్గా టైం ఉంటుంది.

—

అనంత_గాలిమర | అనంతపురం | ఆదివారం, రాత్రి 9:44

గాడి బిగుతుగా ఉంటే ఒప్పుకుంటా. ఈ కిట్లలో గాడి వదులుగా వస్తుంది. ఫెవికాల్ ఆరుతూ కుంచించుకుపోతుంది, సందు నింపదు. ఎపాక్సీ నింపుతుంది. అందుకే ఇక్కడ నా ఓటు 30 నిమిషాల ఎపాక్సీకి. 5 నిమిషాలది మాత్రం మే నెలలో మన జిల్లాల్లో వాడకండి. డబ్బా మీద రాసిన టైం 25 డిగ్రీల దగ్గర లెక్క. పది డిగ్రీలు పెరిగితే టైం దాదాపు సగమవుతుంది. 42 డిగ్రీల మధ్యాహ్నం 30 నిమిషాలది పది నిమిషాలకే తీగ సాగుతుంది.

—

ప్రొద్దుటూరు_మాస్టారు | కడప జిల్లా | ఆదివారం, రాత్రి 9:58

దానికి ఒక చేర్పు. ఎపాక్సీని గిన్నెలో ముద్దగా ఉంచితే తన వేడికి తానే ఇంకా త్వరగా గట్టిపడుతుంది. కలిపిన వెంటనే పింగాణీ టైలు మీద పల్చగా పరిచేయండి. వేడి పలక లాక్కుంటుంది, మీకు టైం దొరుకుతుంది. తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెడితే ఇంకా మంచిది.

ఎక్కువ పూయకండి. మీ విమానంలో బ్యాలెన్స్ చోటు నుంచి తోక 750 మి.మీ., ముక్కు 250 మి.మీ. అనుకోండి. తోకలో 20 గ్రాముల జిగురు ఎక్కువైతే ముక్కులో 60 గ్రాముల సీసం పెట్టాలి. మొత్తం 80 గ్రాములు ఊరికే మోస్తుంది.

—

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | మంగళవారం, ఉదయం 7:15

అయింది! నిన్న ఫైబర్‌గ్లాస్ ముక్క వేసి రాత్రంతా ఆరనిచ్చాం. ఇవాళ ఐదింటికి లేచాం. కాటా మీద తూచి 7 గ్రాముల ఎపాక్సీ కలిపాం. గాడి లోపలా స్టెబిలైజర్ మీదా పూసి, లోపలికి తోసి, దారం కొలత ఒకసారి, ఎత్తుల కొలత ఒకసారి చూశాం. తోసేటప్పుడు 2 మి.మీ. జరిగింది, సరిచేశాం. పక్కకు వచ్చిన జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచాం. ఐదు నిమిషాలకోసారి మా అమ్మాయి కొలతలు చదువుతుంటే నేను రాసుకున్నా. 182, 182 నుంచి కదల్లేదు.

ఫిన్ (తోక మీద నిలువు రెక్క) సాయంత్రం పెడతాం. హింజ్‌ల గురించి ఏమైనా చెప్తారా?

—

గండికోట_గద్ద | కడప | మంగళవారం, ఉదయం 8:20

ఫిన్‌కు రెండు పక్కలా మూలమట్టం ఆనించి టేపుతో కట్టేయండి, ఆరేదాకా తీయొద్దు. పైనుంచి చూస్తే అది బాడీ మధ్య గీత మీదే ఉండాలి. పక్కకు తిరిగి అతికితే ఎప్పుడూ రడ్డర్ (ఫిన్ వెనక పక్కలకు కదిలే పలక) నొక్కినట్టే ఉంటుంది.

సీఏ హింజ్‌ల (సీఏ జిగురు పీల్చుకునే పల్చటి పట్టీల) పద్ధతి: పట్టీ దూరే చీలిక మధ్యలో 1.5 మి.మీ. రంధ్రం వేస్తే జిగురు లోపలి దాకా పోతుంది. హింజ్ సరిగ్గా సగం ఇటు, సగం అటు ఉండేలా మధ్యలో గుండుసూది గుచ్చి పెట్టండి. ఎలివేటర్ ఆనించి, సూది తీసి, ఒక్కో పక్క మూడు చుక్కలు పల్చటి సీఏ వేయండి. గట్టిపరిచే స్ప్రే కొట్టొద్దు, జిగురు లోపలికి ఇంకకముందే పైపైన గట్టిపడుతుంది. పది నిమిషాల తర్వాత ప్రతి హింజ్‌నూ గట్టిగా లాగి చూడండి. భయపడకుండా లాగండి. ఊడేదైతే ఇంట్లోనే ఊడాలి.

ఇది చెప్పడానికి నాకు కారణం ఉంది. నా రెండో విమానంలో హింజ్‌లు బాగున్నాయి, కానీ సర్వో మోటార్ నుంచి ఎలివేటర్‌ను కదిపే పుష్‌రాడ్ కడ్డీ కొసన ఉండే క్లెవిస్ (క్లిప్పు) మీద ఆ చిన్న సిలికాన్ గొట్టం ముక్క పెట్టడం మర్చిపోయా. మూడో ఫ్లైట్‌లో క్లెవిస్ తెరుచుకుంది. స్టిక్ లాగుతున్నా ఎలివేటర్ కదల్లేదు, అట్లే ముక్కు దించుకొని దున్నిన చేలో దిగబడింది. ఇంధనం పైపు 5 మి.మీ. ముక్క కోస్తే చాలు, అంత చిన్న పని.

—

అనంత_గాలిమర | అనంతపురం | మంగళవారం, ఉదయం 9:05

కంట్రోల్ హార్న్ (ఎలివేటర్‌కు బిగించి పుష్‌రాడ్ తగిలించే చిన్న కొమ్ము) రంధ్రాలు హింజ్ గీతకు సరిగ్గా పైన పడాలి. ముందుకో వెనక్కో ఉంటే పైకీ కిందికీ కదలిక సమానంగా రాదు. రేడియో ఆన్ చేసి ట్రిమ్ (స్టిక్ వదిలేసినప్పటి చిన్న సర్దుబాటు) సున్నాలో ఉంచి, సర్వో ఆర్మ్ పుష్‌రాడ్‌కు 90 డిగ్రీల్లో ఉండేలా బిగించాకే పొడవు సరిచేయండి. కదలిక ఎక్కువ అనిపిస్తే రేడియోలో తగ్గించకుండా, సర్వో ఆర్మ్‌లో లోపలి రంధ్రానికీ హార్న్‌లో బయటి రంధ్రానికీ మార్చండి. సర్వోకు బలం మిగులుతుంది, లింకులో లూజు కూడా తగ్గుతుంది.

ఆఖరుగా, స్టిక్ మీ వైపు లాగితే ఎలివేటర్ పైకి లేవాలి. అమ్మాయిని వెనక నిలబెట్టి గట్టిగా చెప్పించండి.

—

హంద్రీ_ఒడ్డు | కర్నూలు | ఆదివారం, ఉదయం 10:40

ఎగిరింది.

ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల చోటు) చూసుకొని, ఓర్వకల్లు విమానాశ్రయానికి బాగా దూరంగా తెలిసినవాళ్ల బీడు పొలానికి ఆరింటికే వెళ్లాం. గాలి ఆకు కదిలేంత కూడా లేదు. రెక్క ముందంచు నుంచి 84 మి.మీ. దగ్గర బ్యాలెన్స్ అయింది, ముక్కులో 30 గ్రాముల సీసం సరిపోయింది. ఇక్కడి క్లబ్బు మిత్రుడొకరు మొదటి రౌండు నడిపారు. స్టిక్ వదిలేసి రెండు చేతులూ చూపించారు, అట్లే తిన్నగా పోయింది. రడ్డర్ ట్రిమ్ రెండు క్లిక్కులు, ఎలివేటర్ ముట్టుకోలేదు. మూడో రౌండులో మా అమ్మాయి నాలుగు నిమిషాలు నడిపింది.

దిగాక కోత పడిన చోట లైటు వేసి చూశాం, ఫైబర్‌గ్లాస్ అంచు ఎక్కడా లేవలేదు. ఎలివేటర్ హింజ్ సందు ఒక పక్క 1 మి.మీ. దాకా ఉంది. దాన్ని పారదర్శక టేపుతో మూయాలా?

—

అనంత_గాలిమర | అనంతపురం | ఆదివారం, ఉదయం 10:58

చాలా సంతోషం అన్నా, అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. సందు మూయండి, కింది వైపు నుంచి. ఎలివేటర్‌ను పూర్తిగా పైకి ఎత్తి పట్టుకొని టేపు వేయండి, లేకపోతే కదలిక బిగుస్తుంది. జూన్ వచ్చేలోపు చేయండి. రామగిరి గుట్టల మీద గాలిమరలు జోరుగా తిరగడం మొదలైతే మాకు ఇక్కడ పొద్దున ఏడింటికే గాలి లేస్తుంది, మీకూ అంతే.